గ్రూపులో లేనివాళ్ళకూ ఊరి కబురు అందాలి: మా గ్రామ పంచాయతీకి బహిరంగ లేఖ

సర్పంచ్ గారికి, ఉపసర్పంచ్ గారికి, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శి గారికి, మన ఊరి పేరుతో నడుస్తున్న వాట్సాప్ గ్రూపుల అడ్మిన్లందరికీ నమస్కారాలు.

సర్పంచ్ గారూ, మీరు నా దగ్గర ఏడో తరగతిలో తెలుగు చదువుకున్నారు. క్లాసులో "నువ్వు" అనే పిలిచేవాణ్ణి. ఇప్పటికీ దారిలో కనిపిస్తే నోటికి అదే వస్తుంది. ఈ లేఖ ఊరి కుర్చీకి రాస్తున్నాను కాబట్టి "మీరు" అంటున్నాను. నేను అడగబోయేది చిన్న పనే. అది ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే మాత్రం కొంచెం వెనక్కి వెళ్ళాలి.

నేను 2024 దసరా నాడు ఫేస్‌బుక్, వాట్సాప్ రెండూ ఫోన్‌లోంచి తీసేశాను. మన ఊరి గ్రూపు, టీచర్ల గ్రూపు, చుట్టాల గ్రూపు, మా పదో తరగతి బ్యాచ్ గ్రూపు, అన్నిట్లోంచీ ఒకే రోజు బయటికొచ్చాను. చాలామంది ఎవరి మీదో కోపం వచ్చి వెళ్ళిపోయాడనుకున్నారు. ఎవరి మీదా కోపం లేదు. అసలు కారణం 2018 మే నెలలో జరిగింది. ఇన్నేళ్ళూ దాన్ని బయట చెప్పలేదు.

ఆ ఎండాకాలం మీకు గుర్తుండే ఉంటుంది. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, కిడ్నీలు తీసుకుంటున్నారని ఫోన్‌లన్నీ మోగిపోయాయి. ఒక రాత్రి నాకు ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. ఎవరో మగమనిషి, చదువుకున్నవాడి గొంతు, భయంతో వణుకుతోంది. "మీ పిల్లల్ని బయటికి పంపకండి" అంటున్నాడు. నేను రెండోసారి కూడా వినలేదు. మూడు గ్రూపులకు పంపించాను. మంచి పని చేశానని అనుకుని పడుకున్నాను.

రెండు రోజుల తర్వాత మధ్యాహ్నం బస్టాండు దగ్గర ఒక ముసలామెను ముప్పై నలభై మంది చుట్టుముట్టారు. ఆమెకు తెలుగు రాదు. నాకు కాస్త కన్నడం వచ్చని నన్ను పిలుచుకొచ్చారు. నేను వెళ్ళేసరికి ఆమె చేతిలో సంచి లాగి కింద కుమ్మరించారు. జొన్నరొట్టెలు, ఒక చీర, మందు బిళ్ళలు. రాయచూరు వైపు నుంచి కూతురింటికి బయల్దేరి, తప్పు బస్సెక్కి, మన ఊళ్ళో దిగింది. అంతే సంగతి. ఆమె మాటలు నేను తెలుగులో చెబుతుంటే కూడా ఒక కుర్రాడు నమ్మలేదు. ఫోన్ తీసి నా చెవి దగ్గర పెట్టాడు. "సార్, మీరే కదా పంపింది" అన్నాడు. అదే వాయిస్. నా పేరు మీద.

ఆమెకు ఏమీ కాలేదు. బస్సెక్కించి పంపించాం. ఆ పూట నేను ఊళ్ళో లేకపోతే ఏమయ్యేదో నాకు తెలుసు, ఎందుకంటే వేరే చోట్ల అదే అయింది. ఆ మే నెల చివరలోనే హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడలో భిక్షాటన చేసుకునే సంచార కులానికి చెందిన ఐదుగురిని గ్రామ పంచాయతీ ఆఫీసులోనే కొట్టి చంపారు. ఇంకో రెండు వారాలకు, హైదరాబాద్ నుంచి స్నేహితులతో బీదర్ వైపు వెళ్ళిన ఒక యువ ఇంజనీరు ముర్కి అనే ఊరి దగ్గర అలాగే పోయాడు. వాళ్ళు దారిలో పిల్లలకు చాక్లెట్లు పంచారు. అదే వాళ్ళ నేరం.

అప్పట్లో ఊరూరా తిరిగిన ఒక వీడియో మీరూ చూసే ఉంటారు. మోటార్‌సైకిల్ మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల భద్రత గురించి తీసిన ప్రచార చిత్రం. చివర్లో వాళ్ళు పిల్లాణ్ణి వెనక్కి తెచ్చి దించి, జాగ్రత్తగా ఉండమని రాసిన అట్ట పట్టుకుని చూపిస్తారు. ఎవరో ఆ చివరి ముక్క కత్తిరించారు. కత్తిరించినవాడు ఒక్కడు, పంపించినవాళ్ళు లక్షలమంది. ఆ లక్షల్లో నేనూ ఉన్నాను. నేను పంపింది వీడియో కాదు, వాయిస్ అన్నంత మాత్రాన తేడా ఏమీ లేదు.

ఇది జరిగాక కూడా నేను ఇంకా ఆరేళ్ళు ఆ గ్రూపుల్లోనే ఉన్నాను. ఉండి అబద్ధాల్ని ఆపుదాం అనుకున్నాను. 2020 ఫిబ్రవరిలో కోడిమాంసం తింటే కరోనా వస్తుందని ప్రచారం జరిగినప్పుడు రోజూ గ్రూపులో అది తప్పని రాసేవాణ్ణి. హైదరాబాద్‌లో కేటీఆర్, ఈటల రాజేందర్ లాంటి మంత్రులు స్టేజీ ఎక్కి కోడికూర తిని చూపించారు. అయినా మన ఊళ్ళో కోళ్ళ షెడ్డు పెట్టుకున్నవాళ్ళు కోళ్ళను ఉచితంగా పంచేశారు. కొన్నాళ్ళకు నాకు ఇంకో సంగతి అర్థమైంది. పొద్దున ఐదింటికి లేచి మొదట ఫోన్ చూస్తున్నాను. ఎవరేం తప్పు రాశారో వెతుకుతున్నాను. జవాబు రాస్తున్నాను. దానికి వాళ్ళ జవాబు కోసం ఎదురు చూస్తున్నాను. బీపీ మందు ఒక బిళ్ళ నుంచి రెండుకు పెరిగింది. 2024 ఎన్నికలప్పుడు నాతో కలిసి గోలీలాడిన దోస్తు ఒకడు గ్రూపులో నన్ను అనరాని మాట అన్నాడు, నేనూ అన్నాను. ఎదురుపడితే ఇద్దరమూ తలదించుకుని పోయేవాళ్ళం. ఆ దసరాకు జమ్మి ఆకు పెట్టడానికి వాడి ఇంటికి వెళ్ళి, అక్కడే, వాడి ముందే అన్నీ తీసేశాను.

మానేస్తే ఏమవుతుందో నిజాయితీగా చెబుతాను. మొదటి పది రోజులు చెయ్యి ఊరికే చొక్కా జేబులోకి పోయేది. ఏదో పోగొట్టుకున్నట్టు టెన్షన్. తర్వాత నిద్ర పట్టడం మొదలైంది. మా ఇంటావిడ నాతో మాట్లాడుతుంటే మధ్యలో "ఊఁ" అనడం మానేసి పూర్తిగా వింటున్నానని ఆమే అంది. బీపీ మందు తగ్గిందని మాత్రం చెప్పను, తగ్గలేదు. మనసు మాత్రం తేలికైంది.

ఇది నా ఒక్కడి అనుభవమేనా అని అనుమానం వచ్చి, నా దగ్గర చదువుకుని ఇప్పుడు అమెరికాలో ఉన్న ఒక అమ్మాయిని అడిగాను. ఆమె పరిశోధన వ్యాసాలు చదివి ఫోన్‌లో వివరించింది. 2018లో అమెరికాలో ఎన్నికలకు ముందు దాదాపు 2,700 మంది మీద ఒక ప్రయోగం చేశారట. కొందరికి 102 డాలర్లు ఇచ్చి నాలుగు వారాలు ఫేస్‌బుక్ ఆపించారు. వాళ్ళకు రోజుకు సుమారు గంట మిగిలింది. ఆ గంటలో కొంత టీవీకి పోయింది, కొంత ఇంట్లోవాళ్ళకూ స్నేహితులకూ దక్కింది. సంతోషం పెరిగింది, కాకపోతే పెరిగింది కొంచెమే. రాజకీయంగా అటూ ఇటూ కొట్టుకోవడం తగ్గింది. దేశంలో ఏం జరుగుతోందో తెలియడం కూడా తగ్గింది. 2020 ఎన్నికలప్పుడు ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడే దాదాపు 35,000 మందితో ఆరు వారాలు మళ్ళీ చేశారు. అందులోనూ మనసుకు కొద్దిపాటి మేలు కనబడింది. ఫేస్‌బుక్ మానినవాళ్ళకు వార్తలు తక్కువ తెలిశాయి, అబద్ధాల్ని నమ్మడం మాత్రం కొద్దిగా తగ్గినట్టు తేలింది. ఈసారి రాజకీయ వైరాల్లో పెద్ద మార్పు రాలేదు.

బ్రెజిల్‌లో 2022 ఎన్నికల ముందు కొంతమంది చేత వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు, వీడియోలు, ఆడియోలు చూడకుండా చేయించారు. వాళ్ళ కంటబడే పుకార్లు చాలా తగ్గాయి. వాళ్ళు నమ్మే సంగతులు మాత్రం మారలేదు. ఇది విన్నప్పుడు మన ఊరే గుర్తొచ్చింది. నేను ఫోన్‌లో చూడకపోయినా హోటల్ దగ్గర టీ తాగుతుంటే పక్కవాడు అదే కథ చెబుతాడు కదా.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఐరోపాలోని బోస్నియా దేశంలో చేసిన ప్రయోగం. అక్కడ 1990లలో జాతుల మధ్య యుద్ధం జరిగింది, స్రెబ్రెనిట్సా అనే ఊళ్ళో వేలమంది ముస్లింలను చంపేశారు. 2019 జులైలో ఆ మారణకాండను గుర్తుచేసుకునే వారంలో కొందరి చేత ఫేస్‌బుక్ ఆపించారు. ద్వేషం తగ్గుతుందని అందరూ అనుకుంటారు. జరిగింది వేరు. ఫేస్‌బుక్ మానినవాళ్ళకు అవతలి జాతి మీద మంచి అభిప్రాయం ఇంకా తగ్గింది. ముఖ్యంగా ఒకే జాతి జనం ఉన్న చోట్ల ఇలా అయింది. ఫోన్ పక్కన పెట్టి వీధిలోకి వస్తే వాళ్ళకు కనిపించేది తమలాంటివాళ్ళే. వాళ్ళతో మాట్లాడితే పాత మాటలే మళ్ళీ గట్టిపడ్డాయి. అంటే మానేసినవాడు ఫోన్ వదిలి ఎక్కడికి వస్తున్నాడు, ఎవరి మధ్య కూర్చుంటున్నాడు అన్న దాని మీదే అంతా ఉంది.

నేను ఎక్కడికి వచ్చానో చెప్పనివ్వండి. సాయంత్రం ఐదింటికి వేపచెట్టు కింద కట్ట మీదికి వెళ్తాను. నా చిన్నప్పుడు అక్కడ చోటు దొరికేది కాదు. ఇప్పుడు ఆరేడుగురు ఉంటారు, అందరి తలలూ కిందికే ఉంటాయి. ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఒకే గ్రూపులో మెసేజ్‌లు చదువుకుంటున్నారు. నేను పలకరిస్తే తలెత్తి నవ్వుతారు, మళ్ళీ దించుతారు. మంచివాళ్ళే. వాళ్ళను తప్పుపట్టడానికి రాయడం లేదు.

ఇక నేను పోగొట్టుకున్నవి. నాతో పదేళ్ళు పనిచేసిన ఒక టీచరు పోయిన సంగతి నాకు పదకొండో రోజున తెలిసింది. కర్మ కూడా అయిపోయింది. గ్రూపులో పెట్టారట, చూసి ఉంటాననుకున్నారట. నల్లా నీళ్ళు రెండు రోజులు రావని గ్రూపులో పెట్టారు, మా ఇంట్లో బిందెలు ఖాళీ. ఇవి సర్దుకోవచ్చు. ఒకటి మాత్రం మరిచిపోలేను. ప్రత్యేకాధికారుల పాలన నడుస్తున్నప్పుడు ఒక శనివారం మన బడిలో కంటి శిబిరం పెట్టారు. మా ఇంటావిడకు కుడికంట్లో శుక్లం ఉంది. శిబిరం సంగతి వాట్సాప్‌లో తప్ప ఇంకెక్కడా చెప్పలేదు. బోర్డు మీద రాయలేదు, చాటింపు వేయలేదు. మాకు సోమవారం తెలిసింది. అప్పటి అధికారిని అడిగితే "గ్రూపులో పెట్టాం కదా సార్" అన్నారు. తర్వాత ఆరు నెలలు ఆమె మసకలోనే వంట చేసింది, ఒకసారి చెయ్యి కాల్చుకుంది.

మాకంటే అన్యాయం జరిగినవాళ్ళు ఉన్నారు. నేను కావాలని మానుకున్నాను. మన ఊళ్ళో అసలు స్మార్ట్‌ఫోన్ లేని ముసలివాళ్ళున్నారు, ఒంటరి ఆడవాళ్ళున్నారు, చదవడం రానివాళ్ళున్నారు. ఎస్సీ కాలనీలో ఒక ఇంట్లో ఒకే ఫోన్, అది కొడుకుతో పాటు హైదరాబాద్‌లో ఉంటుంది. రేషన్ కార్డు ఈ-కేవైసీ ఎప్పుడో, పింఛను ఎప్పుడు ఇస్తారో, గ్రామసభ ఎప్పుడో వాళ్ళకు ఎవరు చెప్పాలి? గ్రామసభ తేదీ కూడా గ్రూపులోనే పెడితే, రానివాళ్ళను "రాలేదు" అనడం న్యాయం కాదు.

మా మనవడి సంగతి కూడా చెప్పాలి. ఆరో తరగతి చదువుతున్నాడు. వాడికి ఫోన్ ఇవ్వకూడదని మా కోడలు గట్టిగా అనుకుంది. బడి నుంచి హోంవర్క్ వాట్సాప్‌లోనే వస్తుంది. హోంవర్క్ కోసం ఫోన్ తీసుకున్న పిల్లవాడు హోంవర్క్ దగ్గరే ఆగుతాడా? ఆస్ట్రేలియాలో 16 ఏళ్ళ లోపు పిల్లలకు సోషల్ మీడియా ఖాతాలు ఉండకూడదని చట్టం చేసి 2025 డిసెంబర్ 10 నుంచి అమలు చేస్తున్నారు. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది పెద్దల చర్చ. మన దగ్గర మాత్రం ఫోన్ వద్దనుకున్న తల్లి చేతే ఫోన్ ఇప్పిస్తున్నాం. హోంవర్క్ పుస్తకంలో రాయించడం బడికి కష్టమేమీ కాదు, ముప్పై నాలుగేళ్ళు నేను అదే చేశాను.

కాబట్టి నేను అడిగేది ఇది. గ్రూపు ఉండనివ్వండి. కానీ గ్రూపులో పెట్టే ప్రతి పంచాయతీ కబురూ అంతకు ముందు, లేదా అదే పూట, పంచాయతీ ఆఫీసు బయట బోర్డు మీద కనిపించాలి. ఊళ్ళో వినిపించాలి కూడా. మనకు చెత్త ట్రాక్టర్ ఉంది, దానికి మైకు ఉంది. పొద్దున ప్రతి వీధికీ అది ఎలాగూ వస్తుంది. "తడి చెత్త, పొడి చెత్త" పాట మధ్యలో ఒక్క నిమిషం ఆపి, రేపు కంటి శిబిరం ఉందని, ఎల్లుండి నీళ్ళు రావని చెప్పిస్తే డీజిల్ ఖర్చు కూడా పెరగదు. పెద్ద విషయాలకు డప్పు చాటింపు వేయించండి, ఆ డప్పు కొట్టే మనిషికి డబ్బు ఇవ్వండి. ఉచితంగా కొట్టమనవద్దు.

రెండోది అడ్మిన్లకు. పంచాయతీ కబుర్ల కోసం పెట్టిన గ్రూపులో అడ్మిన్లు మాత్రమే పోస్ట్ చేసే సెట్టింగ్ 2018 నుంచే ఉంది. అది ఆన్ చేయండి. గుడ్ మార్నింగులు, పార్టీ తగాదాలు, ఎక్కడెక్కడి వీడియోలు వేరే గ్రూపులో పెట్టుకోవచ్చు. నీళ్ళ ట్యాంకు కబురు కోసం వచ్చిన మనిషికి పుకారు అంటగట్టడం తప్పు. ఆ 2018 జులైలోనే వాట్సాప్ కంపెనీ మన దేశంలో ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయకుండా కట్టడి పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, ఎన్నో చేతులు మారి వచ్చిన మెసేజ్‌నైతే ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా చేసింది. అలాంటి వాటిని పంపడం 70 శాతం తగ్గిందని కంపెనీయే చెప్పింది. చేతికి కాస్త అడ్డం పడితే మనిషి ఆగుతాడు. ఆ రాత్రి నా చేతికి ఏ అడ్డమూ పడలేదు.

మూడోది, పుకారు పుట్టినప్పుడు మనిషి వెళ్ళి అడగడానికి మనిషి ఉండాలి. 2018లో మన పక్క జిల్లా జోగులాంబ గద్వాలలో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు చేసింది అదే. ఎండాకాలంలో ఆరుబయట పడుకోవలసిన జనం తలుపులు గడియ వేసుకుని లోపల పడుకుంటున్నారని ఊళ్ళకు కేటాయించిన కానిస్టేబుళ్ళు గమనించారు. ఆ చిన్న మార్పు నుంచే పుకారు సంగతి ఆమెకు తెలిసింది. పోలీసులు ఊరూరా తిరిగి జనంతో కూర్చుని మాట్లాడారు. జానపద కళాకారులు డప్పు పట్టుకుని పాటలు కట్టి చెప్పారు. ఫోన్‌లో వచ్చిన పుకారును ఫోన్ బయట, ముఖాముఖి, తెలిసిన గొంతుతో ఆపారు. మన ఊళ్ళో కూడా ఏ వార్త మీదైనా అనుమానం వస్తే ఫలానా ఇద్దరిని అడగండి అని బోర్డు మీద పేర్లు రాయండి. ఒకరు ఆశా కార్యకర్త కావచ్చు, ఇంకొకరు డిగ్రీ చదివే పిల్ల కావచ్చు. హైదరాబాద్‌లో ఫ్యాక్ట్‌లీ అనే వెబ్‌సైట్ వాళ్ళు తెలుగులోనే నిజానిజాలు రాస్తున్నారు, ఆ పిల్ల అది చూసి చెప్పగలదు. ఒక పేరు అన్ని వాడల వాళ్ళూ నమ్మేది కావాలి, ఇంకొక పేరు మన దూదేకుల వాడ నుంచి ఉంటే మంచిది. బోస్నియా సంగతి విన్నాక ఈ మాట తప్పక రాయాలనిపించింది.

ఇంకొక్క మాట. మహారాష్ట్ర సాంగ్లీ జిల్లాలో వడ్‌గావ్ అనే ఊళ్ళో 2022 నుంచి సాయంత్రం ఏడింటికి గుడి మీద సైరన్ మోగుతుంది. ఎనిమిదిన్నర దాకా టీవీలు, ఫోన్‌లు కట్టేస్తారు. పిల్లలు చదువుకుంటారు, పెద్దలు మాట్లాడుకుంటారు. కరోనా కాలంలో ఫోన్‌కు అలవాటుపడిన పిల్లల కోసం అక్కడి పంచాయతీ మొదలుపెట్టింది. మన ఊళ్ళో రేపే సైరన్ పెట్టమని అడగను, బలవంతం చేస్తే రెండో రోజే నవ్వులపాలవుతుంది. వారానికి ఒక్క సాయంత్రం, వేపచెట్టు కట్ట దగ్గర ఒక లైటు, నాలుగు బెంచీలు, అన్ని వాడల నుంచీ మనుషులు. మీరూ వచ్చి ఒక అరగంట కూర్చుంటే జనం వస్తారు. సర్పంచ్ కూర్చున్న చోటికి మన ఊళ్ళో ఎప్పుడూ జనం వస్తారు.

ఇవి నా సౌకర్యం కోసం అడుగుతున్నానని ఎవరైనా అంటే ఒప్పుకుంటాను, అందులో నా సౌకర్యమూ ఉంది. కానీ ఆ బస్టాండు దగ్గర ముసలామె ముఖం నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. నేను గ్రూపు వదిలి ప్రశాంతంగా పడుకుంటే ఆమెలాంటి మనిషికి ఏం లాభం? ఈసారి అలాంటి మెసేజ్ వస్తే గ్రూపులో కాదనడానికి నేనూ ఉండను. నాలాగే విసిగి వెళ్ళిపోయినవాళ్ళు ఇంకో పదిమంది ఉన్నారు, వాళ్ళూ ఉండరు. అప్పుడు ఆ మాట చెప్పడానికి ఊళ్ళో ఇంకో చోటు ఉండాలి. ఆ చోటు మీరు కట్టాలి.

ఈ లేఖను వచ్చే గ్రామసభలో చదివించి, మాట్లాడించండి. బోర్డుకు నల్లరంగు పోయి చాలా రోజులైంది, రంగు డబ్బా నేను తెచ్చి ఇస్తాను. రాసే పని కూడా నాకే ఇవ్వండి. కార్యదర్శి గారు రాత్రి నాకు మామూలు ఫోన్ చేసి రేపటి కబుర్లు చెబితే చాలు. పాల కేంద్రం ఆరున్నరకు తెరుస్తారు, జనం ఆ దారినే వస్తారు. ఆ లోపే రాసేస్తాను, పెద్ద అక్షరాలతో, కళ్ళద్దాలు లేనివాళ్ళకు కూడా కనిపించేలా.

ఇట్లు,
మన ఊరి ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పి రిటైరైన మీ సార్